సాలూరు ఘాట్‌లో ఆవిరి: పాత కారు ఇంజిన్ ఎందుకు హీటెక్కుతుంది

విజయనగరం నుంచి కొరాపుట్ వైపు పోయే 26వ నంబరు జాతీయ రహదారి మీద, సాలూరు దాటి ఘాట్ మొదలయ్యాక, మే నెల మధ్యాహ్నం పూట బానెట్ ఎత్తి పక్కకు ఆపిన పాత కారు ఒకటైనా కనబడుతుంది. ఒకాయన చేతిలో రెండు లీటర్ల సీసా ఉంటుంది, లోపల ఆడవాళ్లు కొంగుతో విసురుకుంటూ ఉంటారు. కాసేపటికి నీళ్లు పోస్తారు, బండి కదులుతుంది, సుంకి చేరకముందే మళ్లీ ఆగుతుంది. ఇదే బండి విజయనగరంలో కోట జంక్షన్ చుట్టూ రోజూ తిరిగినా ఏ గొడవా చెయ్యదు. ఇంకో బండిది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో పది నిమిషాలు ఇరుక్కుంటే చాలు, డ్యాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు లేస్తుంది. హైవే ఎక్కి అరవైలో పోతే దానంతటదే దిగిపోతుంది. షెడ్డులో రెండిటికీ ఒకటే పేరు, 'హీటెక్కుతోంది' అని. రోగాలు మాత్రం వేరు.

హీటెక్కే బండి గురించి ముందు అడగాల్సింది 'ఎప్పుడు?' అని. ట్రాఫిక్‌లోనా, ఎత్తు ఎక్కుతుంటేనా, స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకేనా? దీనికి ఓనరు సరైన జవాబు చెప్పగలిగితే ఏ భాగం విప్పాలో సగం తేలిపోయినట్టే. మన దగ్గర జరిగేది ఇంకోలా ఉంటుంది. ముందు నీళ్లు పోస్తారు. మళ్లీ వస్తే థర్మోస్టాట్ వాల్వు పీకేస్తారు. మూడోసారి వస్తే ఫ్యాన్‌ను 'డైరెక్ట్' చేస్తారు, అంటే వేడిని బట్టి తనంతట తను తిరగకుండా నేరుగా బ్యాటరీకి కలిపేస్తారు. ఈ మూడింటిలో ఏదీ మరమ్మత్తు కాదు, జబ్బును కొన్నాళ్లు దాచిపెట్టడమే. దాచిన జబ్బు చివరికి హెడ్ గ్యాస్కెట్ దగ్గర, అంటే ఇంజిన్ కింది భాగమైన బ్లాకుకూ దాని మీద బిగించే హెడ్‌కూ మధ్యనుండే పట్టీ దగ్గర బయటపడుతుంది. అప్పుడు బిల్లు వేలల్లోకి పోతుంది.

ఇంజిన్‌లో కాలే పెట్రోలు శక్తిలో బండిని నడిపేది ఎక్కువలో ఎక్కువ మూడో వంతు. ఇంకో మూడో వంతు దాకా సైలెన్సర్‌లోంచి పొగతో పోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగాన్ని నీళ్లే మోసుకుపోవాలి. సిలిండర్‌లో మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది, అల్యూమినియం 660 దగ్గరే కరిగిపోతుంది. హెడ్ కరగకుండా నిలబడుతోందంటే దాని లోపలి దారుల్లో నీళ్లు ఆగకుండా తిరుగుతున్నందువల్లే. వాటర్ పంపు నీళ్లను బ్లాకులోకి, హెడ్‌లోకి తోస్తుంది. అవి సుమారు 82 నుంచి 88 డిగ్రీలకు రాగానే థర్మోస్టాట్ తెరుచుకుని రేడియేటర్‌లోకి దారి ఇస్తుంది. అక్కడ గాలి తగిలి చల్లబడి కింది హోస్ పైపు గుండా వెనక్కి వస్తాయి. బండి నడుస్తుంటే ఆ గాలి దానంతటదే తగులుతుంది. ఆగినప్పుడు ఫ్యాన్ కావాలి.

ఈ వరసలో ఎవరూ లెక్కపెట్టని భాగం రేడియేటర్ మూత. చాలా కార్లలో ఇది సుమారు 0.9 బార్ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు ఎండిపోయి పగిలితే అవే నీళ్లు వందకే మరిగి రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలోకి పొంగిపోతాయి. అంటే ఇంజిన్ బాగున్నా బండి పొంగుతుంది. మూతలో రెండో వాల్వు కూడా ఉంటుంది. ఇంజిన్ చల్లారినప్పుడు పక్క డబ్బాలోని నీటిని తిరిగి లోపలికి లాగడం దాని పని. అది బిగుసుకుపోతే తెల్లారి బానెట్ ఎత్తేసరికి పై హోస్ పైపు పీల్చేసిన పాలప్యాకెట్‌లా లోపలికి అతుక్కుని ఉంటుంది. అలా కనబడితే ఇంకేదీ విప్పకుండా మూత మార్చి చూడొచ్చు. మొత్తం కూలింగ్ సిస్టమ్‌లో బాగా చవకైన భాగాల్లో ఇదొకటి. అందుకే కాబోలు, దీన్ని అందరూ అన్నిటికంటే ఆఖర్న అనుమానిస్తారు.

ఇక ట్రాఫిక్‌లో హీటెక్కి రోడ్డెక్కితే చల్లబడే బండి. విజయనగరంలో సిరిమానోత్సవం రోజున, అరసవల్లిలో రథసప్తమి నాడు బళ్లు గంటల తరబడి ఫస్ట్ గేరులో పాకుతాయి. పాత కార్ల ఫ్యాన్లకు అసలు పరీక్ష ఆ రోజుల్లోనే. ఇక్కడ దోషి దాదాపు ఎప్పుడూ ఫ్యాన్ వ్యవస్థే: ఫ్యూజ్, రిలే, రేడియేటర్‌కో ఇంజిన్‌కో బిగించి ఉండే థర్మో స్విచ్, లేదంటే బ్రష్షులు అరిగిన మోటారు. ఏసీ ఉన్న కారయితే ఏసీ వేసి చూడాలి. చాలా మోడళ్లలో ఏసీతో పాటు ఫ్యాన్ తిరగాలి. రెండు తీగల థర్మో స్విచ్ అయితే సాకెట్ ఊడదీసి ఆ రెండు తీగలూ కలిపితే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే మోటారు బాగున్నట్టు, పోయింది స్విచ్. తిరక్కపోతే ఫ్యూజు నుంచి మొదలుపెట్టి రిలే, ఎర్త్, మోటారు వరసగా చూసుకుంటూ రావాలి. తాళం తీసేసినా హఠాత్తుగా తిరిగే ఫ్యాన్లు ఉంటాయి కనుక బ్యాటరీ తీగ ఊడదీయకుండా రెక్కల మధ్య వేళ్లు పెట్టకూడదు.

ఫ్యాన్ తిరుగుతోంది కదా అని వదిలేయడానికీ లేదు. మోటారు మార్చినప్పుడు తీగలు అటూ ఇటూ మారితే ఫ్యాన్ తిరగబడి తిరుగుతుంది. గాలిని లోపలికి లాగాల్సింది బయటికి ఊదుతుంది. బండి ముందుకు పోతుంటే ఎదురుగాలి, వెనక నుంచి ఫ్యాన్ గాలి ఒకదాన్నొకటి ఆపేసుకుంటాయి. ఇది కనిపెట్టడానికి మీటర్లేం అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం కాగితం చింపి రేడియేటర్ ముందు జాలీ దగ్గర పట్టుకుంటే చాలు. ఫ్యాన్ సరిగ్గా ఉంటే కాగితం వెళ్లి జాలీకి అతుక్కుంటుంది, తిరగబడితే చేతి మీదికి వస్తుంది. ఎప్పుడో గుద్దుకున్నప్పుడు పగిలిందని ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవర్ పారేసిన బళ్లు కూడా ఎన్నో తిరుగుతున్నాయి. ఆ కవర్ లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ మొత్తం నుంచి కాక తన పక్కనున్న గాలినే తిప్పుకుంటూ కూర్చుంటుంది.

ఫ్యాన్‌ను డైరెక్ట్ చేసి డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్ పెట్టడం షెడ్డుల్లో మామూలే. రాత్రి పూట ఊరు చేరడానికి అది పనికొస్తుంది, కాదనలేం. నెలల తరబడి అలా వదిలేస్తేనే చిక్కు. స్విచ్ వేయడం మరిచిపోయిన రోజున ఇంజిన్ పోతుంది, ఆపడం మరిచిపోయిన రాత్రి బ్యాటరీ పోతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు, ఎక్కువ స్పీడులో హీటెక్కే బండికి ఫ్యాన్‌తో పెద్దగా పని లేదు. అక్కడ ఇంజిన్ పుట్టించే వేడి ఎక్కువ, దాన్ని మోసుకుపోయే దారి ఇరుకు. ఆ ఇరుకు బయటైనా ఉండొచ్చు, లోపలైనా ఉండొచ్చు. విజయనగరం, శ్రీకాకుళం వైపు బయటి కారణం సంక్రాంతి ముందు నెలల్లో రోడ్ల మీదే కనబడుతుంది. పల్లె రోడ్ల మీద వరి ఆరబోస్తారు, నూరుస్తారు. వాటి మీదుగా పోయిన ప్రతి బండి రేడియేటర్ రేకుల సందుల్లోకి పొట్టు, నూగు చేరతాయి. తొలకరిలో లైట్ల చుట్టూ మూగే ఉసిళ్లూ అక్కడికే చేరతాయి. ఏసీ కారులో రేడియేటర్ ముందుండే ఏసీ జాలీకీ (కండెన్సర్) రేడియేటర్‌కూ మధ్యనున్న వేలెడు సందులో ఇదంతా గోనెపట్టాలా అట్ట కట్టేస్తుంది. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే ఉంటుంది. రేడియేటర్ బోల్టులు వదులు చేసి వెనక్కి లాగితే కానీ ఆ అట్ట కనబడదు. కడిగేటప్పుడు నీళ్లు ఇంజిన్ వైపు నుంచి బయటికి, మెల్లగా కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రేకులన్నీ పడుకుంటాయి, పొట్టు చేసిన పనినే గన్ కూడా చేసినట్టవుతుంది.

తీరం వైపు బళ్లకు ఇంకో బెడద ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే పొడవైన తీరం శ్రీకాకుళం జిల్లాదే, సుమారు 193 కిలోమీటర్లు. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఏళ్ల తరబడి తిరిగిన బండి రేడియేటర్ రేకుల్ని ఉప్పు గాలి తినేస్తుంది. గొట్టాలు కారవు, చూపులకు రేకులూ ఉంటాయి. గోటితో గీస్తే మాత్రం బూడిదలా రాలిపోతాయి. రేకు గొట్టానికి అతుక్కుని లేకపోతే వేడి దాని దాకా పోదు. అలాంటి రేడియేటర్‌ను ఎంత కడిగినా లాభం లేదు, మార్చాల్సిందే.

లోపలి ఇరుకుకు మూలం చాలాసార్లు ఓనరు చేతిలోని సీసానే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున, హీటర్ రాడ్డు మీద కట్టే తెల్లటి పొర ఉంటుందే, సరిగ్గా అదే పొర హెడ్ లోపలి దారుల్లో, రేడియేటర్ గొట్టాల్లో కడుతుంది. ఆ గొట్టాలు అసలే సన్నం. నీళ్లు తగ్గినప్పుడల్లా ఇంకో లీటరు బోరు నీళ్లు పోస్తే, పోసిన ప్రతిసారీ కొత్త లవణం లోపలికి పోతుంది. తీరం దగ్గర ఉప్పదేరిన నీళ్లయితే వాటిలోని క్లోరైడ్ అల్యూమినియం హెడ్‌కు గుంటలు పెడుతుంది. ఇనుప బ్లాకు తుప్పు దీనికి తోడవుతుంది. రేడియేటర్ మూత తీస్తే కాఫీ డికాషన్ రంగు నీళ్లు కనబడే బండికి ఘాట్ ఎక్కే యోగ్యత లేనట్టే.

మన ఊళ్లో మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకని చాలామంది వాదిస్తారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. వేడిని మోయడంలో ఉత్త నీళ్లే కూలెంట్ మిశ్రమం కంటే మెరుగు. కానీ కూలెంట్ ఇక్కడ చేసే పని వేరు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, అందులో కలిపిన మందులు తుప్పు పట్టనివ్వవు, పంపు సీలు త్వరగా పాడవకుండా చూస్తాయి. చిక్కటి కూలెంట్ కొంటే డబ్బా మీద రాసిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీలో పోసే నీళ్లు, కలపాలి. ముందే కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి. పచ్చదానిలో ఎర్రది కలపకపోవడం మేలు, కొన్ని రకాలు కలిస్తే జావలా గడ్డకడతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పాత కూలెంట్‌ను వీధి కాలవలో పారబోస్తే కుక్కలు నాకుతాయి.

ఘాట్‌లో హీటెక్కే బండికి రేడియేటర్ లోపల మూసుకుపోయిందో లేదో చేత్తోనే తెలుసుకోవచ్చు. బాగా వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి, తాళం తీసి, బ్యాటరీ తీగ కూడా వదులు చేసి, రేడియేటర్ ముఖం మీద అరచెయ్యి దగ్గరగా పెట్టి అటూ ఇటూ జరపాలి. ఎక్కడ చల్లటి మచ్చ తగిలితే అక్కడ గొట్టాల్లో నీళ్లు తిరగడం లేదు. టెంపరేచర్ గన్ ఉంటే ఇంకా తేలిక. అయితే కోవిడ్ రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ దీనికి పనికిరాదు, అది మనిషి జ్వరం వరకే చూపిస్తుంది. పాత రాగి, ఇత్తడి రేడియేటర్లయితే పై తొట్టి ఊడదీసి, గొట్టాల్లో సన్నటి ఊచలు దూర్చి శుభ్రం చేస్తారు. లారీలకు పేరున్న సాలూరు లాంటి ఊళ్లో ఈ పని కొట్టినపిండి. తర్వాత వచ్చిన అల్యూమినియం రేడియేటర్లకు ప్లాస్టిక్ తొట్టి నొక్కి బిగిస్తారు. అవి మూసుకుపోతే కొత్తది వేయడమే నయం.

రేడియేటర్ బాగున్నా ఎత్తులో హీటెక్కితే చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. వాటర్ పంపు, అంటే షెడ్డు భాషలో వాటర్ బాడీ, లోపలి రెక్కలు తుప్పుకు అరిగి పలుచబడతాయి. బెల్టు వదులైతే జారుతుంది. చాలా పాత కార్లలో పంపునూ ఆల్టర్నేటర్‌నూ తిప్పేది ఒకటే బెల్టు. అందుకే ఛార్జింగ్ లైటు వెలిగి, వెంటనే ముల్లు కూడా లేచిందంటే బెల్టు తెగిందని కారు దిగకముందే చెప్పొచ్చు. కింది హోస్ పైపు మెత్తబడితే, ఇంజిన్ రేజ్ చేసినప్పుడు పంపు లాగుడుకు చప్పబడిపోయి నీళ్లను ఆపేస్తుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ పైపు ఎంత చూసినా బాగానే కనబడుతుంది, ఒకరు రేజ్ చేస్తుంటే ఇంకొకరు చూడాలి. కార్బురేటర్ బళ్లలో స్పార్క్ పడే టైమింగ్ లేటుగా పెట్టినా ఇంజిన్ అనవసరంగా వేడెక్కుతుంది. బ్రేకులు పట్టేసిన చక్రం, జారుతున్న క్లచ్ కూడా ఘాట్‌లో ఇదే తంతు చేస్తాయి. కానీ నింద రేడియేటర్ మీదికి పోతుంది.

స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకే ముల్లు పైకి పోయిందా? ముందు నీళ్లు సరిపడా ఉన్నాయో లేదో, తర్వాత థర్మోస్టాట్. ఇంజిన్ మండిపోతున్నా రేడియేటర్ చల్లగా ఉంటే వాల్వు మూసుకుపోయి ఉందని గట్టిగా అనుమానించాలి. విప్పి, గిన్నెడు నీళ్లలో దారం కట్టి వేలాడదీసి, పొయ్యి మీద పెడితే పది నిమిషాల్లో తేలిపోతుంది. దాని మీద చెక్కిన డిగ్రీల దగ్గర నోరు తెరవాలి. నీళ్లు తెర్లుతున్నా నోరు తెరవని వాల్వును పారేసి కొత్తది వేయాలి. 'ఈ ఎండలకి అదెందుకు బాబూ' అని పారేసి ఖాళీగా వదిలేయడమే మన దగ్గర ఎక్కువ. అలా వదిలేసిన ఇంజిన్ తగిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. మైలేజీ తగ్గుతుంది, చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా కాలక ఆయిల్‌లోకి దిగుతుంది, సిలిండర్ లోపలి గోడ త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే నీళ్ల అడ్డదారిని మూసేస్తుంది. అలాంటిది పీకేస్తే వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి తిరిగి వస్తుంది. చల్లబరచడానికని పీకింది ఘాట్‌లో వేడినే పెంచుతుంది.

మారుతి ఓమ్నీ వ్యాన్ గురించి విడిగా చెప్పాలి. దాని ఇంజిన్ ముందు సీట్ల కింద, రేడియేటర్ బండి ముక్కు దగ్గర. రెండిటికీ మధ్య నీటి పైపులు అడుగున దూరం పోతాయి కనుక గాలి బుడగ చిక్కడం తేలిక. గ్యాస్ కిట్ ఉన్న బండి అయితే గ్యాస్ ఒత్తిడిని తగ్గించే కిట్ రెడ్యూసర్‌ను వెచ్చగా ఉంచేది కూడా ఇంజిన్ నీళ్లే. నడి వేసవిలో ఆ రెడ్యూసర్ మీద తెల్లగా మంచు పట్టిందంటే దాంట్లోకి నీళ్లు తిరగడం లేదని అర్థం.

బయట ఎక్కడా చుక్క కారకుండానే నీళ్లు తగ్గిపోతున్నాయా? ఇది అన్నిటికంటే భయపడాల్సిన రకం. హెడ్ గ్యాస్కెట్ పోతే సిలిండర్ మంట నీటి దారిలోకి, నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి. తెల్లారి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ పైపు రాయిలా బిగుసుకోవడం, మూత తీసి ఉంచితే బుడగలు ఆగకుండా రావడం, ఎండెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్ల పొగ, ఆయిల్ మూత అడుగున మజ్జిగ మీగడ లాంటి జిగురు. వీటిలో రెండు కనబడితే హెడ్ విప్పాల్సిందే. ఆయిల్ మూత కింద కాస్త తెలుపు మాత్రమే ఉంటే కంగారు పడనక్కర్లేదు, వానాకాలంలో దగ్గర దూరాలే తిరిగే బళ్లకు తేమ వల్ల కూడా అది వస్తుంది.

హెడ్ విప్పాక గ్యాస్కెట్ మార్చి బిగించేస్తే పని అయినట్టు కాదు. అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బాగా వేడెక్కిన హెడ్ ఇనుప బ్లాకు మీద కదల్లేక వంగుతుంది. తిన్నటి ఉక్కు పట్టీ ఆనించి కింద సన్నటి గేజ్ రేకు దూర్చి చూస్తారు. చిన్న ఇంజిన్లకు చాలావరకు మాన్యువళ్లు ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుక మందం కూడా కాదు. అంతకు మించితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి, అంటే అడుగును చెక్కించి చదును చేయించాలి. బోల్టులు మధ్య నుంచి అంచులకు, మూడు విడతల్లో, బిగుతు కొలిచి చూపే టార్క్ పానాతో బిగించాలి. చేతి అంచనా మీద బిగించిన హెడ్ ఆరు నెలల్లో అదే షెడ్డుకు తిరిగి వస్తే మెకానిక్కూ ఓనరూ గ్యాస్కెట్ కంపెనీని తిట్టుకుంటారు.

దారిలో ముల్లు లేస్తే ఏం చేయాలి? ఏసీ ఆపి, కిటికీలు దించి, హీటర్ ఫుల్లుగా వేయాలి. మే నెలలో హీటరా అని నవ్వొచ్చు, కానీ అది ఇంజిన్ వేడిని లాగే రెండో చిన్న రేడియేటర్. అప్పటికీ దిగకపోతే ఆపేయాలి. ఆవిరి వస్తుండగానే ముల్లు ఒక్కసారిగా చల్లటి వైపు పడిపోతే సంతోషించకూడదు. సెన్సర్ దగ్గర నీళ్లు అయిపోయి అది ఉత్త ఆవిరిలో ఉన్నప్పుడు అలా చూపిస్తుంది. వేడి మీద మూత తియ్యకూడదు. లోపల వంద దాటి మరగకుండా ఆగిన నీళ్లు మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగి, పై హోస్ పైపు నొక్కి చూసి, అది మెత్తగా ఉంటేనే తడి తువ్వాలు వేసి మూత కొద్దిగా తిప్పాలి. మండుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగలొచ్చు. కారుతున్న రేడియేటర్‌లో పసుపు వేసే డ్రైవర్ల చిట్కా ఒకటుంది. అది నిజంగానే చిన్న చిల్లును పూడుస్తుంది, సన్నటి గొట్టాలనూ పూడుస్తుంది. ఊరు చేరాక కడిగించుకోవాల్సిందే.

మరమ్మత్తు పూర్తయ్యాక నీళ్లు నింపడం కూడా ఒక పనే. బండి ముక్కు కాస్త ఎత్తులో ఉండేలా ఆపి, హీటర్ తెరిచి, మూత లేకుండా మెల్లగా నింపుతూ ఇంజిన్ నడపాలి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా దిగుతుంది, మళ్లీ నింపాలి. బుడగలు ఆగాక మూత పెట్టాలి. తర్వాత బండిని అక్కడే నిలిపి ఫ్యాన్ రెండుసార్లు తనంతట తను తిరిగి ఆగేదాకా చూడాలి. అది చూడకుండా షెడ్డు నుంచి తీసుకుపోవద్దు. ఘాట్ ప్రయాణం దగ్గర్లో ఉంటే ముందు రోజు రాత్రి డబ్బా మీద నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, ఊళ్లో ఇరవై కిలోమీటర్లు తిప్పి వచ్చి, పొద్దున చల్లటి ఇంజిన్ మీద చూసుకోవాలి. నీళ్లు గీత దగ్గరే ఉంటే ప్రయాణం కట్టొచ్చు. అరవేలు దిగితే మూత తీసి రేడియేటర్‌లోకి కూడా తొంగి చూడాలి, గాలి చిక్కి ఉంటే ఒకసారి ఇలా దిగి ఆగిపోతుంది. రెండో రోజూ దిగితే మళ్లీ షెడ్డుకే పోవాలి.